బండి ఎత్తు మారిస్తే అలైన్‌మెంట్ ఎందుకు పోతుంది: స్విఫ్ట్ బఫర్ల ప్రశ్నకు జవాబు

ప్రశ్న పొడుగ్గా ఉంది కాబట్టి, తర్వాత చదివేవాళ్ల కోసం ముందు దాన్ని క్లుప్తంగా చెప్తాను. అడిగినాయనది జంగారెడ్డిగూడెం వైపు పల్లె. స్పీడ్ బ్రేకర్లకు బండి అడుగు తగులుతోందని తన స్విఫ్ట్‌కు నాలుగు స్ప్రింగుల్లోనూ రబ్బరు బఫర్లు వేయించారు. ముందు 25 మి.మీ., వెనక 40 మి.మీ. లేచింది. మూడు వేల కిలోమీటర్లు తిరిగేసరికి ముందు టైర్ల బయటి అంచులు నున్నగా అరగడం మొదలైంది. ఎనభై దాటితే స్టీరింగ్ తేలిపోతున్నట్టు ఉంటోంది. అలైన్‌మెంట్ షాపులో తీసిన షీటు కూడా పెట్టారు: ముందు క్యాంబర్ (చక్రం తల లోపలికో బయటికో వాలిన కోణం) ఎడమ ప్లస్ 0.7 డిగ్రీ, కుడి ప్లస్ 0.6 డిగ్రీ, ముందు టో (పైనుంచి చూస్తే చక్రాల ముందు అంచులు లోపలికో బయటికో తిరిగి ఉండటం) మొత్తం 4 మి.మీ. లోపలికి. షాపువాళ్లు క్యాంబర్ టూల్ పెట్టి షాక్ అబ్జార్బర్‌ను వంచుతామంటున్నారు. ఎత్తుకీ దీనికీ సంబంధం ఏమిటి, వంచనివ్వాలా, బఫర్లు తీసేయాలా అని ఆయన సందేహం.

అన్నిటికన్నా ముందు ఒక మాట. వంచనివ్వకండి. కారణం కింద చెప్తాను. మీ టైర్లు తింటున్నది ముఖ్యంగా క్యాంబర్ కాదు, టో. ఆ టో మారడానికి కారణం బఫర్లే.

ఇంకొంచెం వివరంగా వెళ్దాం. అలైన్‌మెంట్ అంటే చక్రాలు సరిగ్గా ఉన్నాయా అని చూసే పరీక్ష అనుకుంటారు చాలామంది. నిజానికి అది ఒక ఎత్తు దగ్గర తీసిన కొలత. మెషీన్‌లో మీ మోడల్ పేరు కొట్టగానే వచ్చే ఆకుపచ్చ, ఎరుపు హద్దులన్నీ కంపెనీ బండి ఏ ఎత్తులో బయటికి వచ్చిందో ఆ ఎత్తుకు రాసినవి. ఎత్తు మారిందంటే చక్రం కోణాలు వాటంతటవే మారిపోతాయి, ఎవరూ ఏ బోల్టూ ముట్టుకోనక్కర్లేదు. జర్మన్ కంపెనీలు దీన్ని ఎంత పట్టించుకుంటాయంటే, బీఎండబ్ల్యూ పద్ధతి ప్రకారం అలైన్‌మెంట్‌కు ముందు సీట్ల మీద, డిక్కీలో నిర్ణీత బరువులు పెట్టి, రిమ్ అంచు నుంచి ఫెండర్ వరకు ఎత్తు కొలిచి, ఆ తర్వాతే కోణాలు చూస్తారు. మెర్సిడెస్‌లో అయితే కంట్రోల్ ఆర్మ్‌లు ఏ వాలులో ఉన్నాయో ప్రత్యేకంగా ఒక మీటరు పెట్టి కొలుస్తారు. మన దగ్గర షాపుల్లో టేపు తీసి ఎత్తు చూసేవాళ్లు చాలా తక్కువ. సమస్య సగం అక్కడే మొదలవుతుంది.

స్విఫ్ట్ ముందు చక్రాన్ని పట్టుకుని ఉన్నవి ప్రధానంగా మూడు. కింద లోయర్ ఆర్మ్, దాని బయటి కొనలో బాల్ జాయింట్. పైన స్ప్రింగ్‌తో కలిసి ఉన్న స్ట్రట్, అదే మనవాళ్లు షాక్ అబ్జార్బర్ అంటారు. దాని తల బాడీకి బిగించి ఉంటుంది, కొంచెం ఇంజన్ వైపుకి వంగి ఉంటుంది. మూడోది స్టీరింగ్ రాక్ నుంచి, అంటే స్టీరింగ్ తిప్పితే అటూ ఇటూ జరిగే కడ్డీ నుంచి, చక్రానికి వచ్చే టై రాడ్. బండి బాడీ లేచిందంటే, బాడీతో పోలిస్తే చక్రం కిందికి దిగినట్టు లెక్క. లోయర్ ఆర్మ్ లోపలి కొన రబ్బరు బుష్‌తో బాడీకి పట్టి ఉంది కాబట్టి బయటి కొన నిటారుగా కిందికి దిగలేదు. తలుపు రెక్క అంచు ఎలా వంపు తిరుగుతూ కదులుతుందో అలాగే ఆర్మ్ కొన కూడా వంపులో కదులుతుంది. కిందికి దిగేకొద్దీ కొద్దికొద్దిగా లోపలికి జరుగుతుంది. అంటే చక్రం అడుగుభాగం లోపలికి వస్తోంది. పైన స్ట్రట్ తల ఉన్నచోటే ఉంది, పైగా స్ట్రట్ సాగి పొడుగైంది. కింద లోపలికి, పైన అక్కడే, కాబట్టి చక్రం తల బయటికి వాలుతుంది. ప్లస్ క్యాంబర్ అంటే ఇదే.

ఒక చిన్న లెక్క వేస్తే ఎంత మారుతుందో తెలుస్తుంది. ఇవి స్విఫ్ట్ అసలు కొలతలు కావు, ఈ సైజు కారుకు దగ్గరగా ఉండేలా నేను తీసుకున్న అంకెలు. లోయర్ ఆర్మ్ 350 మి.మీ., అది బయటికి 8 డిగ్రీల వాలుతో దిగి ఉంది. బాల్ జాయింట్ నుంచి స్ట్రట్ తల వరకు నిలువు ఎత్తు 600 మి.మీ., స్ట్రట్ రేఖ 10 డిగ్రీలు లోపలికి వంగి ఉంది. బండిని 25 మి.మీ. లేపితే బాల్ జాయింట్ దాదాపు 4.5 మి.మీ. లోపలికి జరుగుతుంది, స్ట్రట్ ఎత్తు 625 అవుతుంది. అప్పుడు స్ట్రట్ వంపు 10 నుంచి 9.2 డిగ్రీలకు వస్తుంది. అంటే క్యాంబర్ 0.8 డిగ్రీ ప్లస్ వైపు మారింది. లేపకముందు మీ క్యాంబర్ సున్నాకు దగ్గరగా ఉందనుకుంటే, మీ షీటులో ఉన్న 0.7, 0.6 ఈ లెక్కకు దగ్గరగానే ఉన్నాయి చూడండి. కాబట్టి మీ బండిలో ఏదో వంగిందనో, గుంతలో దెబ్బ తిన్నదనో అనుకోనక్కర్లేదు. ఎత్తు మారింది, కోణం మారింది, అంతే.

ఇక్కడే ఇంకో సంగతి. మీరు వేయించింది స్ప్రింగ్ చుట్ల మధ్య దూర్చే బఫర్. ఇవి కాక స్ట్రట్ తలకూ బాడీకీ మధ్య పెట్టే స్పేసర్లు కూడా దొరుకుతాయి. రెండిటితోనూ బండి అంతే ఎత్తు లేచినా క్యాంబర్ మాత్రం ఒకేలా మారదు. స్పేసర్ పెడితే స్ట్రట్ తల కూడా కిందికి దిగుతుంది, స్ట్రట్ పొడుగు మారదు. పైన చెప్పిన లెక్కలోనే స్పేసర్ వేసి చూస్తే మార్పు 0.4 డిగ్రీ, అంటే దాదాపు సగం. ఎవరైనా ‘నేనూ పాతికే లేపాను, నా క్యాంబర్ బాగానే ఉందే’ అంటే ఏది పెట్టి లేపారో అడగండి. అయితే స్పేసర్‌కు దాని ఇబ్బంది దానికుంది. చక్రం గాల్లోకి లేచినప్పుడు ఆర్మ్ మామూలుకన్నా ఇంకా కిందికి దిగి, డ్రైవ్ షాఫ్ట్ జాయింట్ మీద, బాల్ జాయింట్ మీద ఎక్కువ కోణం పడుతుంది. బఫర్‌లో ఆ ఇబ్బంది లేదు గానీ, స్ట్రట్ ఎప్పుడూ సగం సాగే ఉంటుంది కాబట్టి స్పీడ్ బ్రేకర్ దిగేటప్పుడు అది పూర్తిగా సాగిపోయి ‘టక్’మని తగులుతుంది. మీకు ఆ శబ్దం వస్తోందో లేదో గమనించండి. వస్తోందంటే బఫర్ మీ స్ప్రింగ్‌కు మరీ పెద్దది.

ఇక అసలు దొంగ టో దగ్గరికి వద్దాం. స్విఫ్ట్ లాంటి, ఇంజన్ అడ్డంగా అమర్చిన చిన్న కార్లలో చాలావాటికి స్టీరింగ్ రాక్ చక్రం ఇరుసుకు వెనక ఉంటుంది. టై రాడ్ వచ్చి నకిల్‌కు, అంటే చక్రాన్ని మోసే ఇనప దిమ్మకు, వెనక వైపున తగులుకుంటుంది. చక్రం కిందికి దిగినప్పుడు టై రాడ్ కొన కూడా తన వంపులో తను కదులుతుంది. కానీ టై రాడ్ పొడుగు వేరు, అది తిరిగే చోటు వేరు, కాబట్టి రెండు వంపులూ కచ్చితంగా కలవవు. నకిల్ ఎంత లోపలికి జరిగిందో టై రాడ్ కొన అంత జరగకపోతే, చక్రం వెనక భాగం బయటికి నెట్టినట్టవుతుంది, ముందు భాగం లోపలికి తిరుగుతుంది. ఇదే టో ఇన్. ఇలాంటి కార్లలో సాధారణంగా లేపితే టో ఇన్ వైపు, దించితే టో అవుట్ వైపు పోవడం చూస్తాం. మోడల్‌ను బట్టి ఎంత అన్నది మారుతుంది, కొన్నిట్లో దిశ కూడా మారవచ్చు. అందుకే ఊహించకుండా కొలవాలి అంటాను.

4 మి.మీ. అంటే చిన్న అంకెలా అనిపిస్తుంది కదా. ఒక్కో చక్రానికి 2 మి.మీ. తేడా అన్నమాట. రిమ్ వ్యాసం 15 అంగుళాలు, అంటే 381 మి.మీ. కాబట్టి చక్రం వెళ్లాల్సిన దారికి ఆ మేరకు పక్కకు తిరిగి ఉంది. లెక్క కడితే బండి ఒక కిలోమీటరు ముందుకు పోయేలోపు ఒక్కో ముందు టైరు సుమారు 5 మీటర్లు పక్కకు ఈడ్చుకుపోతుంది. మూడు వేల కిలోమీటర్లకు 15 కిలోమీటర్లు దాటి, ఆ టైరు తారు రోడ్డు మీద అడ్డంగా రుద్దుకున్నట్టు లెక్క. రబ్బరు అరగక ఏమవుతుంది? దీనికి ప్లస్ క్యాంబర్ తోడై బరువు బయటి అంచు మీద ఎక్కువ మోపింది, కాబట్టి అరుగుదలంతా అక్కడే కనబడుతోంది. ఒక్క 0.7 డిగ్రీ క్యాంబర్ మాత్రమే ఉండి టో సరిగ్గా ఉంటే ఇంత తొందరగా ఇలా అయ్యేది కాదు.

మెషీన్ లేకుండానే దీన్ని చేత్తో పట్టుకోవచ్చు. టైరు మీద అరచేయి పెట్టి బయటి నుంచి లోపలికి, తర్వాత లోపలి నుంచి బయటికి నిమరండి. టో ఎక్కువైతే ట్రెడ్ దిమ్మెల అంచులు ఒకవైపు పదునుగా లేస్తాయి. లోపలికి నిమిరితే నున్నగా, బయటికి నిమిరితే వేళ్లకు గుచ్చుకుంటున్నట్టు ఉంటే టో ఇన్. దానికి తిరగబడి ఉంటే టో అవుట్. క్యాంబర్ వల్ల అరిగిన టైరులో ఈ పదును ఉండదు, ఒక అంచు అంతా ఒకే రకంగా నున్నగా అరుగుతుంది. ఈ ఒక్క పరీక్ష తెలిసుంటే షాపువాళ్లు ఏది చెప్పినా మీకు మీరే సరిచూసుకోవచ్చు.

ఇప్పుడు వంచడం సంగతి. చాలా షాపుల్లో ఒక హైడ్రాలిక్ టూల్ ఉంటుంది. దాన్ని స్ట్రట్‌కూ నకిల్‌కూ అడ్డంగా బిగించి పంపు కొడితే స్ట్రట్ బ్రాకెట్టో, గొట్టమో కొద్దిగా వంగుతుంది, తెర మీద ఎరుపు పోయి ఆకుపచ్చ వస్తుంది. పావుగంటలో పని అయిపోతుంది, డబ్బు చేతికొస్తుంది. కానీ స్ట్రట్ గొట్టం లోపల పిస్టన్ రాడ్ నిక్కచ్చిగా నిటారుగా జారాలి. గొట్టం కాస్త వంగినా రాడ్ ఒక పక్కకు ఒరుసుకుంటుంది, సీల్ అరుగుతుంది, కొన్నాళ్లకు ఆయిల్ కారుతుంది. రేపు మీరు బఫర్లు తీసేశారనుకోండి, ఎత్తు పాతదే అవుతుంది గానీ వంగిన స్ట్రట్ వంగే ఉంటుంది. అప్పుడు క్యాంబర్ మైనస్‌లోకి పోయి ఈసారి లోపలి అంచు అరగడం మొదలవుతుంది. బాగున్న భాగాన్ని వంచి వేరే కారణంతో వచ్చిన తేడాను కప్పెట్టే పని ఇది. దీన్ని మామూలు పనిలా చేసేస్తుంటే నాకు నిజంగా బాధేస్తుంది.

క్యాంబర్ మార్చాల్సి వస్తే పద్ధతైన దారి ఉంది. స్ట్రట్‌ను నకిల్‌కు కలిపే రెండు బోల్టుల్లో ఒకదాని స్థానంలో క్యాంబర్ బోల్ట్ వేస్తారు. దాని నడుము గుండ్రంగా కాకుండా ఒక పక్కకు ఉబ్బి ఉంటుంది. తిప్పితే నకిల్ కొంచెం లోపలికో, బయటికో వాలుతుంది. సరైన సైజు, మంచి గ్రేడ్ దొరికితేనే వేయించండి. చెప్పిన టార్క్‌కు బిగించాలి, కొన్నాళ్లు తిరిగాక మళ్లీ చూడాలి. మీ 0.7 కోసం ఇంత దూరం పోనక్కర్లేదని నా అభిప్రాయం. ఎత్తు తగ్గించుకుంటే అదే సగం సర్దుకుంటుంది.

ఎవరూ చెప్పని, మెకానిక్‌లు దాదాపు ఎప్పుడూ వదిలేసే పని ఇంకోటుంది. లోయర్ ఆర్మ్ లోపలి బుష్‌లు. బుష్ అంటే రెండు ఇనప గొట్టాల మధ్య అతికించిన రబ్బరు. ఆర్మ్ పైకీ కిందికీ ఆడినప్పుడు ఏదీ జారదు, ఆ రబ్బరే మెలి తిరుగుతుంది. బోల్టు ఏ ఎత్తులో బిగించారో ఆ ఎత్తు దగ్గర రబ్బరు మెలిక లేకుండా విశ్రాంతిగా ఉంటుంది. ఇప్పుడు మీ బండి పాత ఎత్తులో బిగించిన బుష్‌లతో కొత్త ఎత్తులో నిలబడి ఉంది. అంటే రబ్బరు ఇరవై నాలుగు గంటలూ మెలి తిరిగే ఉంది. అది చిరిగిపోవడానికి ఎన్నాళ్లో పట్టదు. చిరిగితే బ్రేక్ వేసిన ప్రతిసారీ చక్రం ముందుకీ వెనక్కీ ఆడుతుంది, ఏ అలైన్‌మెంటూ నిలవదు. చేయాల్సింది పెద్ద పనేం కాదు. బండిని జాకీ మీద కాకుండా నాలుగు చక్రాల మీద నేలమీద, లేదా ర్యాంపు మీద నిలబెట్టి, ఆ బోల్టులు వదులు చేసి, ముందు బంపర్ దగ్గర రెండు మూడుసార్లు గట్టిగా నొక్కి వదిలి, అదే ఎత్తులో మళ్లీ బిగించాలి. చక్రాలు వేలాడుతుండగా బిగిస్తే ఉపయోగం లేదు, ఇంకా చెడ్డది. వెనక రెండు చక్రాలనూ కలిపే బీమ్ బుష్‌లకూ ఇదే వర్తిస్తుంది.

ఎనభై దాటాక తేలిపోవడం గురించి. దీనికి రెండు కారణాలు కనిపిస్తున్నాయి. ఒకటి క్యాస్టర్. స్టీరింగ్ తిప్పినప్పుడు చక్రం ఏ రేఖ చుట్టూ మళ్లుతుందో ఆ రేఖను పక్క నుంచి చూస్తే తల కొంచెం వెనక్కి వాలి ఉంటుంది. ఆ వాలు వల్లే స్టీరింగ్ మలుపు తర్వాత దానంతటదే నిలువుకు వస్తుంది, వేగంలో బండి గీత మీద పోతుంది. మీరు ముందు 25, వెనక 40 లేపారు. వెనక 15 మి.మీ. ఎక్కువ. స్విఫ్ట్ వీల్‌బేస్ 2450 మి.మీ. కాబట్టి బండి మొత్తం దాదాపు 0.35 డిగ్రీ ముందుకు వంగింది, క్యాస్టర్ అంతమేర తగ్గింది. వెనక మాత్రమే 40 లేపినవాళ్లకు ఇది 0.9 డిగ్రీ దాటుతుంది. చిన్న కార్లలో ఉండేదే తక్కువ క్యాస్టర్, అందులో డిగ్రీ పోతే స్టీరింగ్ కచ్చితంగా తేలికవుతుంది. స్విఫ్ట్‌లో క్యాస్టర్ సర్దడానికి కంపెనీ ఏ ఏర్పాటూ ఇవ్వలేదు. కాబట్టి ముందు వెనక ఎత్తుల మధ్య తేడా తగ్గించడమే దీనికి మందు. డిక్కీలో సీఎన్‌జీ సిలిండర్ ఉన్న బండికి దీనికి వ్యతిరేకంగా జరుగుతుంది. వెనక కుంగి క్యాస్టర్ కాస్త పెరుగుతుంది.

రెండో కారణం బంప్ స్టీర్. మెషీన్ మీద బండి కదలకుండా ఉంటుంది, అక్కడ టో సున్నా చేయొచ్చు. రోడ్డు మీద చక్రం పైకీ కిందికీ ఆడుతూనే ఉంటుంది, ఆడినప్పుడల్లా టో మారుతూనే ఉంటుంది. కంపెనీ ఎత్తు దగ్గర ఆ మార్పు తక్కువగా ఉండేలా ఆర్మ్‌నూ టై రాడ్‌నూ అమరుస్తారు. బండి లేపినప్పుడు రెండూ ఇంకా ఏటవాలు అవుతాయి, అదే గతుక్కి టో ఇంకా ఎక్కువ మారుతుంది. ప్యాచ్‌లు వేసిన రోడ్డు మీద స్టీరింగ్ పట్టుకునే ఉన్నా బండి కాస్త అటూ ఇటూ జరుగుతున్నట్టు అనిపించేది ఇందుకే. దీన్ని ఏ అలైన్‌మెంట్ షాపూ సరిచేయలేదు, షీటులో అసలు కనిపించదు కూడా. ఎత్తు తగ్గించడమొక్కటే దారి. చిన్న కారును 20 మి.మీ. మించి లేపొద్దని నేను పట్టుబట్టేది ముఖ్యంగా దీనికోసమే.

వెనక చక్రాల గురించి ఎక్కువ టెన్షన్ పడక్కర్లేదు. స్విఫ్ట్ వెనక ఉండేది టార్షన్ బీమ్. రెండు వైపులా సమానంగా లేస్తే బీమ్ మొత్తం తన బుష్‌ల చుట్టూ నాలుగైదు డిగ్రీలు తిరుగుతుంది. క్యాంబర్ పెద్దగా మారదు, టో ఒక్కో చక్రానికి పదో వంతు డిగ్రీ అటూ ఇటూ. అక్కడ సర్దే బోల్టులు లేవు, షీటులో హద్దుల్లో ఉంటే వదిలేయొచ్చు. ఒక వైపు బఫర్ పైకి ఎక్కి, ఇంకోవైపు కిందికి జారి ఉంటే మాత్రం బీమ్ మెలిబడుతుంది, బండి ఒక పక్కకు ఒరుగుతుంది. అది టేపు పెడితే బయటపడుతుంది.

మరి ఇప్పుడు ఏ వరుసలో ఏం చేయాలి? చదునైన నేల మీద బండి ఆపి, నాలుగు టైర్లలో గాలి సరిచేసి, చక్రం మధ్య బిందువు నుంచి నేరుగా పైన ఫెండర్ వంపు అంచు వరకు నాలుగు చోట్లా కొలవండి. నేల నుంచి కొలవకండి, టైరు అరుగుదలా గాలి తేడా కలిసిపోతాయి. ఎడమకీ కుడికీ 5 మి.మీ. కన్నా తేడా ఉంటే ముందు అది సరిచేయాలి. లేకపోతే రెండు క్యాంబర్లూ వేరువేరుగా వచ్చి బండి ఒక వైపుకి లాగుతుంది, దాన్ని టో తిప్పి సర్దాలని చూస్తే స్టీరింగ్ వంకరవుతుంది.

ఆ తర్వాత బఫర్లు. నా సలహా ఇది. మీకు అడుగు తగిలేది ఒక్కరే ఉన్నప్పుడా, ఐదుగురూ సామానూ ఉన్నప్పుడా? ప్రశ్నలో చెప్పలేదు, కానీ ఎక్కువమందికి రెండోదే. స్విఫ్ట్ గ్రౌండ్ క్లియరెన్స్ ఖాళీగా 163 మి.మీ. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ లెక్క ప్రకారం కట్టిన స్పీడ్ బ్రేకర్ ఎత్తు 10 సెం.మీ., వెడల్పు 3.7 మీటర్లు. దాని మీద ఖాళీ స్విఫ్ట్ ఎక్కడా తగలదు. తగిలేవి ఊరి మొదట్లో తోచినట్టు పోసిన కాంక్రీటు దిమ్మెలు, అదీ నిండుగా జనం ఎక్కి వెనక కుంగినప్పుడు. అలాగైతే ముందు చక్రాల బఫర్లు పూర్తిగా తీసేయండి. వెనక మాత్రం చిన్నవి వేయించండి, ఖాళీ బండి పది పదిహేను మి.మీ. మించి లేవకుండా. నిండుగా ఉన్నప్పుడు వెనక కుంగే కుంగుడును అవి ఆపుతాయి. అలా నిండుగా ఉన్నప్పుడు బండి మళ్లీ సమంగా నిలబడుతుంది, క్యాస్టర్ కూడా తిరిగొస్తుంది. ఒక్కరే ఉన్నప్పుడు కూడా తగులుతుంటే స్ప్రింగులు కుంగిపోయాయేమో చూడండి. లక్ష దాటిన బండికి అది మామూలే. కొత్త కంపెనీ స్ప్రింగులు వేయడమే అప్పుడు సరైన రిపేరు, బఫర్ కాదు.

ఎత్తు ఖరారయ్యాక బుష్ బోల్టులు నేలమీద వదులు చేసి బిగించడం. ఆ రోజే టో ఒక్కటి సర్దించండి, టైరు పాడవకుండా. తర్వాత నాలుగైదు వందల కిలోమీటర్లు తిరగండి. స్ప్రింగులూ రబ్బర్లూ కుదురుకుంటాయి, ఎత్తు రెండు మూడు మి.మీ. తగ్గొచ్చు. అప్పుడు పూర్తి అలైన్‌మెంట్. షాపుకు వెళ్లినప్పుడు బాల్ జాయింట్, టై రాడ్ ఎండ్, వీల్ బేరింగ్ ఆట చూశాకే మెషీన్ ఎక్కించమనండి. మొదట వెనక చక్రాలు చూడాలి, తర్వాత క్యాంబర్, చిట్టచివర టో. ఎందుకంటే క్యాంబర్ ముట్టుకుంటే టో మారుతుంది, టో ముట్టుకుంటే క్యాంబర్ దాదాపు మారదు. స్టీరింగ్ నిటారుగా లాక్ చేసి, రెండు టై రాడ్లూ సమానంగా తిప్పాలి. ఒకవైపే తిప్పి పని కానిచ్చేవాళ్లు ఉంటారు, అప్పుడు టో షీటులో బాగుంటుంది గానీ స్టీరింగ్ చక్రం పక్కకు తిరిగి ఉంటుంది. టై రాడ్ తిప్పేటప్పుడు రాక్ చివర ఉండే రబ్బరు బూట్ కూడా దానితో మెలి తిరుగుతుంది. క్లిప్పు తీసి వదులు చేయకపోతే అది చిరిగి దుమ్మూ నీళ్లూ రాక్‌లోకి పోతాయి. రాక్ మార్చడానికయ్యే ఖర్చు ముందు ఈ బఫర్ల ఖర్చు ఏపాటి? పని అయ్యాక లాక్ నట్ బిగించారా అని అడగండి. ముందూ తర్వాతా ఉన్న అంకెలతో ప్రింటు తీసుకోండి.

దించేవాళ్ల ప్రశ్నలూ తరచూ వస్తుంటాయి కాబట్టి రెండు మాటలు. లోయరింగ్ స్ప్రింగులు వేస్తే పైన చెప్పినదంతా తిరగబడుతుంది. నేను పైన వేసిన లెక్కలోనే 30 మి.మీ. దించితే క్యాంబర్ 0.8 డిగ్రీ మైనస్‌కు పోతుంది, టో సాధారణంగా అవుట్‌కు. అరుగుదల లోపలి అంచున ఉంటుంది, బండి పక్కన నిలబడితే కనిపించదు. బయటి అంచు కొత్త టైరులా ఉండి లోపల తీగలు తేలిన టైర్లు చాలా చూశాను. నెలకోసారి స్టీరింగ్ పూర్తిగా తిప్పి లోపలి అంచు చేత్తో తడమండి. ఇంకా దించుకుంటూ పోతే ఆర్మ్ అడ్డంగా దాటి బయటి కొన పైకి లేస్తుంది. అక్కణ్నుంచి చక్రం పైకి వెళ్లినా మైనస్ క్యాంబర్ పెరగడం తగ్గిపోయి, ఒక దశ దాటితే తిరగబడుతుంది. పైగా ఈ రకం సస్పెన్షన్‌లో బాడీ దిగినదానికన్నా రోల్ సెంటర్ (మలుపులో బాడీ ఏ బిందువు చుట్టూ ఒరుగుతుందో అది) ఎక్కువ దిగుతుంది. కాబట్టి దించినంత మాత్రాన మలుపులో బండి ఒరగడం తగ్గుతుందని లేదు.

జిమ్నీ లేపుదామనుకునేవాళ్లకు లెక్క వేరు. అందులో ముందూ వెనకా రెండు చక్రాలనూ కలిపే గట్టి యాక్సిల్, కాబట్టి ఎత్తు వల్ల క్యాంబర్, టో పెద్దగా మారవు. కానీ యాక్సిల్‌ను పట్టుకునే ఆర్మ్‌లు కిందికి వాలడంతో యాక్సిల్ మొత్తం తిరిగి క్యాస్టర్ బాగా పోతుంది. అడ్డంగా ఉండే లాటరల్ రాడ్ యాక్సిల్‌ను ఒక పక్కకు లాగుతుంది, స్టీరింగ్ నడిమిన ఉండదు. క్యాస్టర్ సర్దే బుష్‌లూ, పొడుగు సర్దుకునే లాటరల్ రాడ్డూ లేకుండా రెండంగుళాలు లేపడం క్షేమం కాదు. పాత టవేరాలో ముందు టార్షన్ బార్, అంటే మెలి తిరిగి స్ప్రింగ్‌లా పనిచేసే కడ్డీ, ఉంటుంది, బోల్టు తిప్పితే ఎత్తు లేస్తుంది. ఏళ్ల తరబడి కుంగినదాన్ని కంపెనీ ఎత్తుకు తేవడానికే ఆ బోల్టు. అది సరిచేయకుండా అలైన్‌మెంట్‌కు డబ్బు పెట్టడం వృథా.

టైరు సైజు పెంచి లేపడం మాత్రం పూర్తిగా వేరే సంగతి. 185/65 ఆర్15 నుంచి 195/65 ఆర్15కు పోతే బండి ఆరున్నర మి.మీ. లేస్తుంది. బాడీకీ చక్రానికీ మధ్య దూరం మారదు కాబట్టి ఈ కోణాలేవీ మారవు. స్పీడోమీటరు రెండు శాతం తక్కువ చూపిస్తుంది, రిమ్ వెడల్పు సరిపోతుందో, ఎక్కడైనా రాసుకుంటుందో చూసుకోవాలి.

చట్టం, వారంటీ సంగతి కూడా ఆలోచించుకోండి. మోటారు వాహనాల చట్టం 1988లోని సెక్షన్ 52 ప్రకారం, రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్‌లోని వివరాలు కంపెనీ మొదట ఇచ్చినవాటికి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే గట్టిగా చెప్పింది. వెనక వేసే చిన్న బఫర్‌ను రోడ్డు మీద ఎవరూ పట్టించుకోకపోవచ్చు గానీ, వారంటీలో ఉన్న బండికి స్ట్రట్ కారితే సర్వీస్ సెంటర్‌వాళ్లు ముందు చూసేది దాన్నే. వెనక లేపాక హెడ్‌లైట్లు కూడా కిందికి వంగుతాయి. రాత్రి ఒక గోడ ముందు ఆపి వెలుగు ఎక్కడ పడుతోందో చూసి, లెవెలింగ్ చక్రంతో సర్దుకోండి. అది చాలకపోతే అలైన్‌మెంట్ రోజే షాపులో చేయించండి.

మీ టైర్లలో ఇంకా సగం ట్రెడ్ మిగిలి ఉంటే, అలైన్‌మెంట్ అయ్యాక ముందువి వెనక్కి, వెనకవి ముందుకి మార్చండి. వెనక్కి వెళ్లాక ఆ అంచు అరగడం కొంత నెమ్మదిస్తుంది. ఎత్తు సర్ది, ఐదు వందల కిలోమీటర్ల తర్వాత వచ్చిన షీటూ, నాలుగు మూలల ఎత్తులూ ఇక్కడే పెట్టండి. క్యాంబర్ బోల్ట్ అవసరమా కాదా అన్నది ఆ అంకెలు చూసి చెప్తాను.